అరటిపళ్ళు సరేనండి, డాక్టరేడి?

మా కోనసీమలో ఏ హీరో పుట్టినరోజు వచ్చినా మూడు పనులు ఖాయం. సెంటర్లో ఫ్లెక్సీ, ఆసుపత్రిలో రక్తదానం, వృద్ధాశ్రమంలో అరటిపళ్ళు. లీడర్ల పుట్టినరోజులకీ అంతే. ఒక్కోరోజు పొద్దున్న ఒక పార్టీవాళ్ళు పళ్ళిచ్చి ఫొటో దిగి వెళ్తే, మధ్యాహ్నం ఇంకో పార్టీవాళ్ళు దుప్పట్లు పట్టుకొస్తారు. నేనూ చాలాసార్లు వెళ్ళాను. తప్పని అనట్లేదు. ఒకసారి ఒక తాతగారు పండు చేతిలో పెట్టుకుని, "పళ్ళు తెచ్చావు గాని బాబూ, తినడానికి నాకు పళ్ళేవి?" అని నవ్వేశారు. మేం కూడా నవ్వేసి వచ్చేశాం.

ఆ ఆశ్రమంలోనే ఒక మామ్మగారు ఉండేవారు. పేరు రాయను, ఊరూ రాయను. ఎనభై దాటేశాయి. గుండె బాగా నీరసించిపోయి, కాళ్ళు వాచిపోయి, ఆఖరి ఏడాదంతా మంచం మీదే. మాట మాత్రం గట్టిది. వెళ్ళిన వాళ్ళందరికీ ఒకటే చెప్పేవారు. "నాకేదన్నా అయితే నన్నెక్కడికీ మోసుకెళ్ళకండి బాబూ. ఇక్కడే, ఈ కిటికీ పక్కనే పోనీండి." ఆయాకి చెప్పారు, మేనేజరుకి చెప్పారు, పళ్ళు పంచడానికి వెళ్ళిన మాకూ చెప్పారు. మేమందరం "ఊరుకోండి మామ్మగారూ, మీకేం కాదు" అన్నాం.

ఒకరోజు రాత్రి రెండింటికి ఆవిడకి ఊపిరాడలేదు. ఆయా భయపడిపోయి మేనేజరుని లేపింది. మేనేజరు 108కి ఫోన్ కొట్టాడు. ఎత్తుకెళ్తుంటే మామ్మగారు మంచం పట్టె పట్టుకుని వదల్లేదంట. మూడు రోజులు ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉంచారు. గొంతులో గొట్టం. పీకేసుకుంటారని చేతులు రెండూ మంచానికి కట్టేశారు. నన్ను అద్దంలోంచి ఐదు నిమిషాలు చూడనిచ్చారు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. నాలుగోరోజు తెల్లారగట్ల పోయారు. కొడుకు గల్ఫ్ నుంచి వచ్చేసరికి ఫ్రీజర్ పెట్టెలో ఉన్నారు.

ఇందులో ఎవర్ని తిట్టాలా అని చాన్నాళ్ళు ఆలోచించాను. ఆయాని తిట్టాలా? ఎనిమిదో తరగతి చదివిన పిల్ల, కళ్ళముందు మనిషి ఊపిరాడక కొట్టుకుంటంటే ఏం చేస్తుంది? 108 వాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఐసీయూ డాక్టరు గారికి ఆవిడెవరో కూడా తెలీదు, ఆయన ముందుకొచ్చింది ఊపిరాడని ఒక పేషెంటు, అంతే. ఎటుచూసినా ఎవరిపని వాళ్ళు చేశారు. కానీ ఆవిడ కోరుకున్న ఒకే ఒక్క పని జరగలేదు.

జరగాల్సింది ఆ రాత్రి కాదండి. అంతకు నెలో, రెండు నెలలో ముందు ఒక డాక్టరు గారు ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని ఒక అరగంట కూచోవాలి. "మామ్మగారూ, మీ గుండె ఇంక బాగయ్యేది కాదు. ఒకరోజు ఆయాసం ఎక్కువ రావొచ్చు. అప్పుడు ఆసుపత్రికి వెళ్తారా, ఇక్కడే ఉంటారా? ఇక్కడే ఉంటానంటే ఆయాసం తెలీకుండా మందిస్తాను" అని అడగాలి. ఆ జవాబు కాగితం మీద రాయాలి. కొడుక్కి ఫోన్ చేసి చెప్పాలి. ఆయాసం వస్తే ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆయాకి చూపించాలి. ఆ కాగితం, ఆ మందు మంచం పక్కనే ఉండుంటే రాత్రి రెండింటికి ఆ పిల్ల 108 అవసరం లేకుండానే గడుపుకొచ్చేసేది.

దీన్నే పాలియేటివ్ కేర్ అంటన్నారు. తెలుగులో ఉపశమన వైద్యం అని రాస్తారు. జబ్బు నయం కాకపోయినా బాధని నయం చెయ్యొచ్చు అనేది దీని మూలం. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్ర పట్టకపోవడం, భయం, వీటన్నిటికీ వైద్యం ఉంది. క్యాన్సరు వాళ్ళకే అనుకుంటాం గాని గుండె, కిడ్నీ, పక్షవాతం, మతిమరుపు జబ్బు, ఒట్టి ముసలితనం, అన్నిటికీ వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ వైద్యం కావాలి. అందుతోంది వందలో 14 మందికే.

ఇక్కడ ఒక తిరకాసు ఉందండి. నర్సింగ్ హోమ్ అంటే అమెరికాలో, యూరప్‌లో ముసలివాళ్ళు ఉండే చోటు. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, అపెండిసైటిస్ ఆపరేషన్లు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ముసలివాళ్ళు ఉండే చోటుకి మనం పెట్టుకున్న పేరు ఆశ్రమం. అంటే ఆ పేరులోంచే నర్సూ పోయింది, వైద్యమూ పోయింది. వండిపెట్టడం, బట్టలుతకడం, భజన, ఇంతే మన లెక్కలో ఆశ్రమం. అక్కడున్నవాళ్ళలో చాలామంది అక్కడే పోతారని నడిపేవాళ్ళకీ తెలుసు, చేర్చేవాళ్ళకీ తెలుసు. ఆ సంగతి మాత్రం రిజిస్టర్లో ఎక్కడా ఉండదు.

మరి ఆశ్రమానికి డాక్టరెవరు? నేను చూసిన చోట్లన్నిట్లో ఆర్‌ఎంపీ గారే. సాయంత్రం బండి మీద వస్తారు, బీపీ చూస్తారు, నీరసంగా ఉందంటే సెలైన్ పెడతారు. ఆయన్ని నేను తక్కువ చెయ్యను. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఆయనే. కానీ ఆయన మార్ఫిన్ రాయలేడు. గుండె ఎంత దెబ్బతిందో కొడుక్కి చెప్పలేడు. ఆఖరికి మనిషి పోయాక మరణానికి కారణం ఫలానా అని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేడు.

ఆ ఆఖరి మాట చిన్నది కాదు. ఆశ్రమం మేనేజర్లు మనిషి పోయే టైముకి ఆసుపత్రికి తోలేయడానికి సగం కారణం అదే. "ఇక్కడ పోతే రేపొద్దున్న బంధువులొచ్చి ఎలా పోయారని గొడవ చేస్తే? పోలీసులొస్తే?" అని ఒకాయన నాతో నేరుగానే అన్నాడు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లోనే ఉంది, ఆఖరి జబ్బులో చూసిన డాక్టరు మరణ కారణం సర్టిఫికెట్ ఉచితంగా ఇవ్వాలని. కానీ చూసిన డాక్టరంటూ ఉండాలి కదా. నెలకోసారి వచ్చి చూసి ఫైల్లో రాసే డాక్టరు ఒకరుంటే, ఆ మేనేజరుకి ఆ భయం ఉండదు, మనిషిని తోలేయాల్సిన పనీ ఉండదు.

ఇంక నొప్పి సంగతి. మార్ఫిన్ అంటే మత్తుమందు, అలవాటైపోతుంది, ఇస్తే మనిషి పోతాడు అనుకుంటాం. చాలామంది డాక్టర్లూ అలాగే అనుకుంటారు. సరైన మోతాదులో నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఆఖరి దశ నొప్పికీ, ఆయాసానికీ ప్రపంచమంతా వాడే మందు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి దాంతోపాటు విరేచనం మందు కూడా రాయాలి. ధర కూడా భయపడేంత కాదు. ఇంకో విచిత్రం చెప్పనా, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం లైసెన్సులిచ్చి మరీ నల్లమందు పండిస్తోంది. ఆ సరుకు విదేశాలకి ఎగుమతి అవుతోంది. మన ముసలమ్మకి మాత్రం పారాసిటమాలే గతి.

దీనికి కారణం 1985లో వచ్చిన మత్తుపదార్థాల చట్టం. దొంగల కోసం చేసిన చట్టం రోగుల మీద పడింది. ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే లైసెన్సు మీద లైసెన్సు, ఒక్కో లైసెన్సుకి ఒక్కో ఆఫీసు. ఆసుపత్రులు ఆ తలనొప్పి ఎందుకని తెప్పించడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థకి రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ శాఖ అనుమతి ఒక్కటి చాలు. అక్కడ శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి, స్టాకు లెక్క రాయాలి.

2014 అంటే మావాళ్ళకి వేరే గుర్తుంది. నగరం అంటే సిటీ కాదండి, మామిడికుదురు మండలంలో తాటిపాక పక్కన ఊరు. ఆ ఏడాది జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. ఒళ్ళు కాలినవాళ్ళు రోజుల తరబడి ఎలా అరిచారో విన్నవాళ్ళు ఇప్పటికీ మన మధ్యన ఉన్నారు. నొప్పి అంటే ఏంటో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. అదే ఏడాది నొప్పి మందు మీద చట్టం సడలింది. ఈ పదేళ్ళకి పైగా మన జిల్లాలో ఎవరన్నా ఒక్క ధర్నాలోనైనా "మా ఆసుపత్రిలో మార్ఫిన్ ఉందా" అని అడిగామా? పైపులైను మీద అడిగాం, నష్టపరిహారం మీద అడిగాం. నేను రెండిట్లోనూ ఉన్నాను. ఇది అడగాలని నాకే తట్టలేదు.

పక్కవాళ్ళు ఏం చేశారో చూడండి. కేరళలో కోళికోడ్ మెడికల్ కాలేజీ దగ్గర 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, ఇంకొందరు కలిసి ఒక చిన్న క్లినిక్ పెట్టారు. కొన్నేళ్ళకి వాళ్ళకి అర్థమైందేంటంటే రోగి క్లినిక్‌కి రాలేడు, డాక్టరే వెళ్ళాలి, డాక్టరొక్కడే అన్ని ఇళ్ళకీ వెళ్ళలేడు. అంచేత మలప్పురం చుట్టుపక్కల ఊళ్ళల్లో కుర్రాళ్ళకీ, ఆడవాళ్ళకీ, రిటైరైన టీచర్లకీ నేర్పారు. వారానికి రెండు గంటలు కేటాయించి పక్కింటి రోగిని చూడ్డం, పుండు కడగడం, మాట్టాడటం వాళ్ళ పని. వెనకాల నర్సు, ఆ వెనకాల డాక్టరు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని పాలసీగా పెట్టింది. దేశంలో మొదటి రాష్ట్రం అదే. ఇప్పుడక్కడ పంచాయతీ డబ్బుతో నర్సు ఇళ్ళకి వెళ్తుంది. గమనించండి, పంచాయతీ డబ్బుతో.

కేరళ అంటే ఎలాగూ మనకి అందదనుకుంటారు. హైదరాబాదు చూడండి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ గారు 2006 నుంచి పాలియేటివ్ విభాగం నడిపారు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ సెంటర్లు పెట్టింది, ఆలన పేరుతో ఇళ్ళకి వెళ్ళే బళ్ళు పెట్టింది. మన భాషే, మన మనుషులే. అక్కడ అయింది ఇక్కడ అవదా?

ఇప్పుడు అసలు భయం గురించి మాట్టాడుకోవాలి. ఈ విషయం ఎత్తగానే "అంటే ముసలివాళ్ళని చంపెయ్యమంటావా" అంటారు. నన్నే ఒకాయన మీటింగులో లేచి అడిగాడు. 2004లో హైదరాబాదులో వెంకటేష్ అనే కుర్రాడి సంగతి పెద్దవాళ్ళకి గుర్తుండుంటుంది. కండరాలు క్షీణించే జబ్బు. ఎలాగూ పోతాను, అవయవాలు పాడవకముందే నన్ను పోనిస్తే నలుగురికి పనికొస్తాయి అన్నాడు. వాళ్ళమ్మగారు హైకోర్టుకి వెళ్ళారు, కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే పోయాడు. 2022లో వచ్చిన సలామ్ వెంకీ సినిమా ఆ కథే. అది ప్రాణం తీయమని అడిగిన కేసు. మనం మాట్టాడేది అది కాదు. ప్రాణం తీసే సూది ఈ దేశంలో ఇప్పటికీ నేరమే. నయం చెయ్యలేని జబ్బులో గొట్టాలూ మిషన్లూ వద్దని మనిషి చెప్పుకోవడం మాత్రం వేరు. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం అది గౌరవంగా పోయే హక్కు, రాజ్యాంగం 21వ ఆర్టికల్లోనే ఉంది అని చెప్పింది.

ఆ తీర్పులోనే లివింగ్ విల్ అనే కాగితం పెట్టారు. ఆస్తికి వీలునామా రాసినట్టు, ఆఖరి వైద్యానికి వీలునామా. మొదట్లో మెజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాంతో ఎవరూ రాయలేకపోయారు. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే దాన్ని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గాని గెజిటెడ్ ఆఫీసరు గాని సంతకం పెడితే చాలు. తన తరఫున మాట్టాడేది ఎవరో పేరు రాయాలి. ఒక కాపీ ఫ్యామిలీ డాక్టరుకి ఇవ్వాలి. ఇంకో కాపీ స్థానిక సంస్థకి, అంటే మున్సిపాలిటీకి గాని పంచాయతీకి గాని ఇవ్వాలి. దాన్ని దాచడానికి అక్కడ ఒక అధికారిని పెట్టాలి. తర్వాత ఆ మనిషి ఆసుపత్రిలో చెప్పలేని స్థితికి వస్తే ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒకటి, దాని మీద ఇంకో బోర్డు చూసి నిర్ణయిస్తాయి. అదీ వీలైతే 48 గంటల్లో.

మీ ఊరి సచివాలయానికి వెళ్ళి "లివింగ్ విల్ కాపీ తీసుకునే అధికారి ఎవరండి" అని ఒకసారి అడగండి. ఏమన్నారో నాకు రాయండి.

ఇందులో ఒక మెలిక చూశారా? ఫ్యామిలీ డాక్టరుకి కాపీ ఇవ్వమన్నారు. ఫ్యామిలీ డాక్టరంటూ ఉంటే కదా! ఆశ్రమంలో ఉన్న పాతికమందికీ ఫ్యామిలీయే లేదు, ఇంక ఫ్యామిలీ డాక్టరెక్కడ? అంచేత చట్టం ఎంత బాగున్నా మొదటి మెట్టు డాక్టరే. ఏ చికిత్స వల్ల ఏమవుతుందో తెలీకుండా ఎవరైనా ఏది వద్దంటారు, ఏది కావాలంటారు? ఎనభై ఏళ్ళ ఎముకల గూడుకి గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు, బతికొచ్చి మళ్ళీ లేచి తిరిగేది చాలా తక్కువమంది అని చెప్పాల్సింది ఎవరు? మతిమరుపు ముదిరిపోయి మింగలేని మనిషికి ముక్కులో గొట్టం వేస్తే ఆయుష్షు పెరగదు, స్పూనుతో ఓపిగ్గా తినిపించడమే మేలని అమెరికా వృద్ధుల వైద్యుల సంఘమే చెప్తోంది. ఆ మాట మన ఆయాకి ఎవరు చెప్పారు? ఆవిడ గొట్టంలో జావ పోస్తా ఉంటుంది, అదే ప్రేమ అనుకుంటుంది.

డాక్టర్ల వైపు నుంచి కూడా చెప్పాలి. పీహెచ్‌సీ డాక్టరు గారికి ఓపీలో వందమంది లైను, ఆన్‌లైన్ రిపోర్టులు, మీటింగులు. ఆయన చదివే రోజుల్లో చావు గురించి పేషెంటుతో ఎలా మాట్టాడాలో ఎవరూ నేర్పలేదు. పాలియేటివ్ మెడిసిన్‌లో ఎండీ కోర్సుకే మన దేశంలో 2010లో గుర్తింపొచ్చింది. పైగా "ఇంక లాభం లేదు" అన్న డాక్టరు మీద చెయ్యి చేసుకునే బంధువులు మన దగ్గరే ఉన్నారు. ఆ వీడియోలు షేర్ చేసేదీ మనమే. అంచేత ఆయన "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అని రాసేస్తారు. ఆ ఒక్క ముక్కతో ఆయన బరువు దిగిపోతుంది, ముసలావిడ బరువు అంబులెన్సు ఎక్కుతుంది. అమలాపురం నుంచి యానాం వంతెన మీదుగా కాకినాడ వెళ్ళాలంటే అరవై కిలోమీటర్లకి పైనే. రాజోలు వాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం పోవాలి. ఒంటి మీద పుండ్లున్న మనిషికి ఆ గతుకులు ఎలా ఉంటాయో ఎవరన్నా పడుకుని చూశారా?

వాళ్ళకున్న ఇబ్బందులు ఒప్పుకుంటూనే నేను డాక్టర్లని ఒకటి అడుగుతున్నాను. పాలియేటివ్ వైద్యంలో ఒక చిన్న ప్రశ్న ఉంది. "ఈ మనిషి ఏడాదిలోపు పోతే నేను ఆశ్చర్యపోతానా?" అని డాక్టరు తనని తాను అడుక్కోవాలి. ఆశ్చర్యపోను అనిపిస్తే ఆ మనిషితో మాట్టాడే టైమొచ్చిందన్నమాట. దీనికి స్కానింగ్ అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు. ఆశ్రమం వరండాలో ఒక్క చుట్టు తిరిగితే చాలు. మన డాక్టర్లకి ఈ సంగతి తెలియక కాదండి. మామ్మగారి కాళ్ళ వాపు చూసిన ఏ డాక్టరుకైనా తెలుసు. మాట పైకి అనడమే కష్టం. ఆ కష్టాన్ని డాక్టరు పడకపోతే అది ఆయా నెత్తిన పడుతుంది, అర్ధరాత్రి రెండింటికి.

పిల్లల సంగతి కూడా వదలను. అమెరికా డాక్టర్లు 1991లోనే దీనికి ఒక పేరు పెట్టారు, "కాలిఫోర్నియా కూతురు" అని. దూరాన ఉన్న కూతురు ఆఖరి నిమిషంలో దిగి, "మా అమ్మకి అన్నీ చెయ్యండి, ఏదీ ఆపొద్దు" అని గొడవపెడుతుంది. ఇన్నాళ్ళూ పక్కన లేనన్న బాధ అలా బయటికొస్తుంది. మన దగ్గర అది కువైట్ కొడుకు, డల్లాస్ కూతురు. వీడియో కాల్‌లో "ఎంతైనా పర్లేదు, నేను పంపిస్తాను" అంటాడు పాపం. వాణ్ణి ఏమనగలం? మన కోనసీమ ఆడపడుచులు కువైట్, మస్కట్ వెళ్ళి అక్కడి ముసలివాళ్ళకి ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, ఆ జీతంలోంచి ఇక్కడ ఆశ్రమానికి అమ్మ ఫీజు కడతన్నారు. వాళ్ళకి ఈ పని మనందరికంటే బాగా తెలుసు. వాళ్ళని ముందే, తీరిగ్గా, ఒక డాక్టరు ఫోన్లో కూచోబెట్టి చెప్తే అర్థం చేసుకోరా? అమెరికాలో 1990లో చట్టమే చేశారు, ప్రభుత్వ డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్ ఏదైనా మనిషిని చేర్చుకునేటప్పుడే ఆఖరి వైద్యం గురించి నీకు హక్కుంది, ఏదన్నా రాసి పెట్టుకున్నావా అని అడగాలి. మన దగ్గర చేర్చుకునేటప్పుడు అడిగేది ఆధార్ కార్డు, అడ్వాన్సు.

ప్రభుత్వం ఏమంటోంది? ముఖ్యమంత్రి చంద్రబాబు గారు 2024 అక్టోబరులో రాష్ట్రంలో ముసలివాళ్ళు పెరిగిపోతున్నారు, ఎక్కువమంది పిల్లల్ని కనండి అన్నారు. ఆ నవంబరులోనే ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలు తీసేస్తూ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. పుట్టబోయేవాళ్ళ గురించి ఇంత తొందర ఉన్నప్పుడు, ఉన్నవాళ్ళు ఎలా పోతన్నారో కూడా చూడాలి కదా. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం ప్రతి జిల్లాలో దిక్కులేనివాళ్ళు కనీసం 150 మంది పట్టే వృద్ధాశ్రమం ఉండొచ్చని, ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకి పడకలు, వేరే క్యూ ఉండాలని చెప్పింది. 2012లో కేంద్రం పాలియేటివ్ కేర్‌కి జాతీయ కార్యక్రమమే పెట్టింది. ఊళ్ళో హెల్త్ సెంటర్లో ఇవ్వాల్సిన పన్నెండు రకాల సేవల్లో ఇదీ ఒకటి. 2023 ఏప్రిల్లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలెట్టినప్పుడు మంచం పట్టినవాళ్ళ దగ్గరికి డాక్టరే వెళ్ళి చూడాలన్నారు. ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లు మారతాయి, అది మామూలే. పక్షవాతంతో పూర్తిగా మంచంలో ఉన్నవాళ్ళకి 2024 జులై నుంచి 15,000 పింఛను ఇస్తన్నారు. అది నిజంగా మంచి పని, కాదనను. కానీ 15,000 చేతిలో ఉన్నా మార్ఫిన్ రాసే డాక్టరు లేకపోతే ఆ డబ్బుతో నొప్పి తగ్గదు.

అంచేత అడగాల్సింది పెద్ద లిస్టు కాదు. ప్రతి వృద్ధాశ్రమాన్నీ ఒక పీహెచ్‌సీ డాక్టరుకి పేరుపెట్టి అప్పజెప్పాలి. నెలకోసారి ఆయన వెళ్ళాలి, వెళ్ళినప్పుడు ఒక్కొక్కరికీ చిన్న కాగితం రాయాలి. ఏం జబ్బు, ఏం కావాలి, ఏం వద్దు, ఎవరికి ఫోన్ చెయ్యాలి. అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనైనా మార్ఫిన్ అనుమతి ఉండాలి, రాయగలిగిన డాక్టరు ఉండాలి. ఆయాలకి రెండు రోజుల ట్రైనింగు, మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి ఎలా పక్కకి తిప్పాలో అక్కణ్ణుంచి మొదలెట్టి. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. అందుకే ఏ లీడరుకీ ఆసక్తి ఉండదేమో.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు పళ్ళు పంచడం మానక్కర్లేదు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక నోట్‌బుక్ కూడా పట్టుకెళ్ళండి. మేం పోయిన నెల అదే చేశాం. నలుగురం కూచుని ఒక్కొక్కరినీ అడిగాం, "మీకు బాగా జబ్బు చేస్తే ఎక్కడుండాలనుంది?" అని. తిడతారేమో అనుకున్నాం. ఒక్కరూ తిట్టలేదు. ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడన్నట్టు చెప్పారు. ఒకావిడ "మా అమ్మాయి వచ్చేదాకా ఏదో ఒకటి చేసి బతికించండి, తర్వాత వదిలెయ్యండి" అన్నారు. ఆసుపత్రికే వెళ్తానని గట్టిగా చెప్పినవాళ్ళూ ఇద్దరున్నారు, వాళ్ళ మాటా అలాగే రాశాం. పళ్ళు లేని ఆ తాతగారు మాత్రం, "నొప్పి లేకుండా చూడండి, సాయంత్రం పూట గోదారి గట్టు వైపు మంచం తిప్పండి, చాలు" అన్నారు.

రాశాం గాని మేం రాసినదానికి విలువేముంది? గొట్టం వేస్తే ఏమవుతుందో మాకు తెలీదు, వాళ్ళకీ తెలీదు. మందు రాసే చెయ్యి మాది కాదు. అందుకని ఆ నోట్‌బుక్ పట్టుకుని పీహెచ్‌సీకి వెళ్ళాం. డాక్టరు గారు కుర్రాయన, చదివారు, చాలాసేపు ఏం మాట్టాడలేదు. "నాకిది చెయ్యడం రాదండి" అన్నారు. అంత నిజాయితీగా చెప్పిన డాక్టర్ని నేనింతవరకూ చూళ్ళేదు. మరీ ఇబ్బందిగా ఉంటే వద్దులెండి అనబోయాను, మావాళ్ళలో ఒక చెల్లెమ్మ ఆగలేదు. "నేర్చుకోండి సార్, మేం కూడా నేర్చుకుంటాం" అంది. ఆయన 104 బండి వచ్చే రోజు ఓపీ అయ్యాక ఒక గంట ఆశ్రమానికి వస్తానన్నారు. ముందు గోదారి గట్టు తాతగారి మంచం దగ్గర కూచోబెడతాం. ఏమైందో వచ్చేసారి రాస్తాను.